బడిలో పెట్టే అన్నం పిల్లల ఒంటికి పట్టాలంటే ఏం చేయాలి?

మాచర్ల అమ్మ

అందరికీ నమస్కారం. మా బాబు నాలుగో తరగతి. మూడో తరగతి దాకా ప్రైవేటు స్కూల్లో చదివాడు, ఈ ఏడాది ఇంటికి దగ్గరున్న ప్రభుత్వ బడిలో వేశాం. చదువు బాగుంది, టీచర్లు శ్రద్ధగా చూస్తున్నారు. నా బెంగంతా మధ్యాహ్నం భోజనం గురించే. సాయంత్రం ఇంటికి రాగానే బ్యాగు పడేసి "ఆకలి" అంటాడు. "బడిలో తిన్నావా?" అంటే "తిన్నా" అంటాడు. వాళ్ల టీచర్ని అడిగితే సగం ప్లేటు వదిలేస్తున్నాడని, గుడ్డులో తెల్లది తిని పచ్చసొన పక్కన పెడుతున్నాడని చెప్పారు. అన్నంలో కొన్ని గింజలు తేడాగా ఉన్నాయని వాటిని ఏరి పారేస్తున్నాడట కూడా.

మా అత్తగారు "పిల్లాడు చిక్కిపోతున్నాడు, బాక్స్ కట్టి పంపించు" అంటున్నారు. నాకు మాత్రం అందరితో కలిసి కూర్చుని వేడిగా తినడమే మంచిదనిపిస్తోంది. వాడు అక్కడ కడుపు నిండా తినేలా చేయాలంటే ఇంట్లో ఉండి నేనేం చేయగలను? ఇలాంటి పిల్లలున్నవాళ్లు, బళ్లలో పనిచేసేవాళ్లు చెప్పండి.

తరగతి గది

అమ్మా, నేను అనకాపల్లి జిల్లాలో ఎస్జీటీగా, అంటే చిన్న తరగతుల టీచరుగా పనిచేస్తున్నాను. మీ ప్రశ్న చాలామంది తల్లిదండ్రులు అడగాల్సింది. సామాన్యంగా మా దగ్గరికి వచ్చి "పెడుతున్నారా లేదా" అని అడుగుతారు గానీ "మావాడు తింటున్నాడా" అని అడిగేవాళ్లు తక్కువ.

ముందు పళ్లెంలో ఏముండాలో తెలుసుకోండి. ఒకటి నుంచి అయిదో తరగతి పిల్లలకు రోజుకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె లెక్క. ఆ భోజనంలో 450 కేలరీలు, 12 గ్రాముల ప్రొటీన్ ఉండాలన్నది నియమం. ఆరు నుంచి ఎనిమిది వాళ్లకు 150 గ్రాముల బియ్యం, 700 కేలరీలు, 20 గ్రాముల ప్రొటీన్. మన ఆంధ్రప్రదేశ్‌లో దానికి అదనంగా వారానికి అయిదు గుడ్లు, మూడు రోజులు చిక్కీ, మూడు రోజులు ఉదయం రాగి జావ ఇస్తున్నాం. ఒక గుడ్డులోనే 6 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. అంటే మీవాడి వయసు పిల్లలకు పెట్టుకున్న లెక్కలో సగం. అందులో పచ్చసొన తీసేస్తే ఎంత పోతుందో చూడండి.

ఇక తినకపోవడానికి కారణాలు. నా అనుభవంలో రుచి కంటే టైమే పెద్ద కారణం. బెల్లు కొట్టాక చేతులు కడుక్కోవడానికి ఒకటో రెండో కుళాయిలు ఉంటాయి, అక్కడ క్యూ. తర్వాత వడ్డన దగ్గర క్యూ. తిన్నాక ప్లేటు కడగడానికి మళ్లీ క్యూ. పెద్ద పిల్లలు తోసుకుని ముందుకు పోతారు. చిన్నవాళ్లు పళ్లెం పట్టుకుని కూర్చునేసరికి స్నేహితులు ఆటకు లేచిపోతుంటారు. అప్పుడు ఏ పిల్లాడైనా నాలుగు ముద్దలు తిని లేస్తాడు.

మీరు ఇంట్లో చేయగలిగింది ఒకటుంది. "తిన్నావా?" అని అడగొద్దు. దానికి జవాబు ఎప్పుడూ "తిన్నా" అనే వస్తుంది. "ఇవాళ పప్పులో ఏ కూర వేశారు? పక్కన ఎవరు కూర్చున్నారు? మారు అడిగావా?" అని అడగండి. రెండు మూడు రోజుల్లో అసలు సంగతి బయటికొస్తుంది.

మానేరు ఒడ్డు

మాది కరీంనగర్ దగ్గర. మా పాప అయిదో తరగతి. ఆ తేడా గింజల గురించి ఎవరైనా సరిగ్గా చెప్పండి. మా ఊర్లో అందరూ ప్లాస్టిక్ బియ్యం అంటున్నరు. నీళ్లలో వేస్తే తేలుతున్నయి, అన్నం ఉండ చేసి నేలకు కొడితే బంతి లెక్క ఎగురుతున్నది. వీడియోలు కూడా వచ్చినయి. మా పాపకు నేనే ఏరెయ్యమని చెప్పిన. తప్పా ఒప్పా?

పప్పన్నం

అన్నా, నేను హైదరాబాద్‌లో ఫుడ్ అండ్ న్యూట్రిషన్ చదివి, ఇప్పుడు ఒక ఆసుపత్రిలో డైటీషియన్‌గా పనిచేస్తున్నాను. అవి ప్లాస్టిక్ కాదు. ఏరించకండి, దయచేసి.

వాటిని ఇలా తయారు చేస్తారు. బియ్యప్పిండిలో ఐరన్, ఫోలిక్ యాసిడ్, విటమిన్ బీ12 కలిపి, యంత్రంలో మళ్లీ బియ్యపు గింజ ఆకారంలో పోస్తారు. ఆ గింజలను 100 కిలోల మామూలు బియ్యానికి 1 కిలో చొప్పున కలుపుతారు. ప్రభుత్వ పథకాలన్నిటిలో ఈ బియ్యమే ఇస్తామని 2021 ఆగస్టు 15న ప్రధాని ప్రకటించారు, ముందుగా బళ్లకు, అంగన్‌వాడీలకు వచ్చింది. పిండితో చేసినవి కాబట్టి రంగు కొంచెం తేడాగా ఉంటుంది, కొన్ని నీళ్లలో తేలుతాయి. అన్నం ఉండ ఎగరడం అంటారా, ఏ బియ్యమైనా మెత్తగా ఉడికాక గట్టిగా పిసికి ఉండ చేస్తే కొంచెం ఎగురుతుంది. బియ్యంలో ఉండే పిండిపదార్థం జిగురు అది. నిప్పులో పెడితే కాలుతుందని ఇంకో వీడియో చూశాను. ఇంట్లో ఉన్న సోనా మసూరీ కాల్చినా కాలుతుంది.

వందలో ఒక్క గింజే కదా అనుకుంటారు. కానీ కలిపిన ఐరనంతా ఆ ఒక్క గింజలోనే ఉంది. పాప దాన్ని ఏరి పక్కన పెడితే మిగిలిన తొంభై తొమ్మిదీ మామూలు తెల్లన్నమే.

ఒక్క జాగ్రత్త. తలసేమియా, సికిల్ సెల్ లాంటి రక్త జబ్బులున్న పిల్లలైతే ఐరన్ కలిపిన ఆహారం గురించి వాళ్ల డాక్టర్‌ను ముందే అడగాలి. మిగతా పిల్లలకు ఏ భయమూ అక్కర్లేదు.

మానేరు ఒడ్డు

సమజైంది మేడం. ఇయ్యాల రాత్రే పాపకు చెప్తా. మా వాడకట్టు గ్రూపుల కూడా మీ మాట పెడతా.

కృష్ణాతీరం

అందరూ మంచి మాటలే చెబుతున్నారు గానీ, నేను ఒప్పుకోలేకపోతున్నాను. మా అబ్బాయి ఏడో తరగతి. వాళ్ల బడిలో సాంబారు చూశాను. పప్పు ఎక్కడుందో వెతుక్కోవాలి. అన్నం ఒకరోజు ముద్ద, ఒకరోజు పలుకు. పిల్లాడు తినకపోవడానికి కారణం పిల్లాడిలో వెతకడం ఎందుకు? మేం బాక్స్ పంపిస్తున్నాం. ఉదయం వాళ్లమ్మ వండినదే తింటాడు. నాకు ఆ మాత్రం నిశ్చింత చాలు.

పోపుల పెట్టె

నేను ప్రకాశం జిల్లా. మా అమ్మ బడిలో వంట చేస్తుంది. ఆ అన్నం తిని చదువుకున్నదాన్నే, ఇప్పుడు బీఎడ్ చేస్తున్నాను. కృష్ణాతీరం అన్నయ్యా, మీ బాధ న్యాయమైనదే. నీళ్ల సాంబారు పెట్టడం ఎవరు చేసినా తప్పే. కానీ వంటగది లోపల ఏం జరుగుతుందో కూడా మీకు తెలియాలి.

మా అమ్మకు నెలకు 3,000 రూపాయల గౌరవ వేతనం. ఉదయం ఎనిమిదింటికి బడికి వెళ్తే గిన్నెలన్నీ కడిగి వచ్చేసరికి మూడవుతుంది. బియ్యం, గుడ్లు, చిక్కీలు బడికి వస్తాయి. కూరగాయలు, పప్పు, నూనె, పోపు సామాను, గ్యాస్ వంట చేసేవాళ్లే ముందు తెచ్చుకోవాలి, బిల్లు తర్వాత వస్తుంది. బిల్లు ఆలస్యమైతే కొట్లో అప్పు. టమాటా ధర పెరిగిన వారం ఆ అప్పు ఇంకా పెరుగుతుంది. పప్పు పల్చబడటం మొదలయ్యేది అక్కడే. నేను ఇది సమర్థించడానికి చెప్పడం లేదు. పప్పు పల్చబడితే ఆ బిల్లు ఎన్ని నెలలుగా ఆగిందో హెచ్‌ఎం గారిని అడగండి, మండల విద్యాధికారి (ఎంఈఓ) గారిని అడగండి. తల్లిదండ్రులు నలుగురు కలిసి అడిగితే బిల్లు కదులుతుంది. వంటగది ముందు నిలబడి మా అమ్మ మీద అరిస్తే మాత్రం రేపటి సాంబారులో పప్పు పెరగదు.

ఇంకో సంగతి చెప్పాలి, మనసులో ఉంచుకోలేను. ఎవరు వండారన్న మాట కొన్ని ఇళ్లలో పిల్లల ముందే అంటారు. ఆ పిల్లలు మర్నాడు పళ్లెం తీసుకోరు, లేకపోతే తీసుకుని పారేస్తారు. వంటవాళ్ల నియామకంలో దళితులకు, ఎస్సీ ఎస్టీలకు ప్రాధాన్యం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2004లోనే చెప్పింది. మా అమ్మ చేతి వంట తిని ఆ ఊళ్లో ఎంతమందో పెద్దవాళ్లయ్యారు. పిల్లలు కడుపు నిండా తినాలంటే ఆ మాటలు ఇళ్లలో ఆగాలి. ఏ మెనూ మార్చినా దీనికి బదులు కాదు.

తరగతి గది

పోపుల పెట్టె అమ్మాయి చెప్పిన ప్రతి మాటా నిజం. మా బడిలో మేం టీచర్లం పిల్లలతో కలిసి అదే వరుసలో కూర్చుని తింటాం. ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలన్నది పిల్లలకు వదలం. హాజరు పట్టీ వరుసలో కూర్చోబెడతాం. ఈ ఒక్క పనితో చాలా మారింది.

కృష్ణాతీరం గారూ, ఇది ఎవరో దయతలచి పెడుతున్న అన్నం కాదు. ప్రతి ప్రభుత్వ ప్రాథమిక బడిలో వండిన భోజనం పెట్టాలని 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఆదేశించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003లో వండి పెట్టడం మొదలైంది. 2013 ఆహార భద్రత చట్టంతో అది పిల్లల చట్టబద్ధమైన హక్కు అయింది. కాబట్టి బాగాలేకపోతే బాక్స్ పంపి తప్పుకోకండి, బడికి రండి. మీలాంటి నిక్కచ్చిగా మాట్లాడే తండ్రి బాక్స్ పంపి ఊరుకుంటే, బాక్స్ పంపలేని ఇంటి పిల్లవాడి తరఫున అడిగేవాళ్లు ఎవరు మిగులుతారు?

వడ్డించే ముందు కనీసం ఒక టీచర్ రుచి చూడాలన్నది నియమం. 2013 జులైలో బిహార్‌లో ఒక ఊరి బడిలో పురుగుమందు కలిసిన నూనెతో వండిన భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. ఆ సంగతి గుర్తున్న ఏ టీచరూ రుచి చూడటాన్ని సంతకం పనిగా చూడడు. మీరు పన్నెండు గంటలకు వచ్చి, రుచి రిజిస్టరు చూపించమనండి. గోడ మీద మెనూ చూడండి. ఒక పళ్లెం పెట్టించుకుని పిల్లల మధ్య కూర్చుని తినండి. బడి కమిటీ సభ్యులే రావాలని లేదు, ఏ తల్లిదండ్రులైనా రావచ్చు. తిన్నాక మీ అభిప్రాయం రిజిస్టరులో రాయండి. రాతలో పెట్టినదానికి మేం కూడా పైకి జవాబు చెప్పుకోవాలి.

కృష్ణాతీరం

మాస్టారూ, మీరు అన్న మాట ఆలోచించాల్సిందే. రిజిస్టరులో తల్లిదండ్రులు రాయవచ్చని నాకు తెలియదు. మా వీధిలో ఇంకో ఇద్దరు తండ్రులున్నారు, వాళ్లతో కలిసి వెళ్తాను. అయితే పప్పు బాగుపడే దాకా బాక్స్ ఆపను, అది మాత్రం చెబుతున్నాను.

పప్పన్నం

బాక్స్ ఆపకపోయినా, గుడ్డు, చిక్కీ, జావ మాత్రం బడిలోనే తీసుకోమనండి. బాక్స్ తెచ్చుకునే పిల్లలు చాలామంది అవి కూడా వదిలేస్తారు. పైగా ఉదయం ఏడింటికి కట్టిన బాక్స్‌లో సామాన్యంగా ఉండేది పులిహోరో, టమాటా రైసో, పెరుగన్నమో. కడుపు నిండుతుంది, ప్రొటీన్ పెద్దగా ఉండదు.

గుడ్డు గురించి మాచర్ల అమ్మ గారికి చెప్పాలి. గుడ్డులో ఉండే విటమిన్ ఏ అంతా, ఐరన్, బీ12 చాలా వరకు పచ్చసొనలోనే ఉంటాయి. పిల్లలు దాన్ని వదిలేయడానికి కారణం రుచి కాదు, అది పొడిగా గొంతుకు అడ్డం పడుతుంది. ఇంట్లో ఒక ఆదివారం పచ్చసొనను వేడి అన్నంలో మెదిపి, చారు పోసి కలిపి పెట్టండి. వాడికి అది అలవాటైతే బడిలో కూడా సాంబారులో మెదుపుకుంటాడు. చెప్పి మాన్పించలేరు, చేసి చూపించాలి.

మీ ఇంట్లో నీసు వారాలు పాటిస్తారా? అది కూడా అడుగుతున్నాను, ఎందుకంటే చాలా ఇళ్లలో సోమవారం, శనివారం గుడ్డు ముట్టరు. కార్తీకంలో, ఇంట్లో అయ్యప్ప మాల వేసుకున్నప్పుడు నెల పైన మానేస్తారు. పెద్దల నియమం పెద్దలది. పెరిగే పిల్లల్ని బడిలో తిననివ్వండని అత్తగారితో నెమ్మదిగా చెప్పి చూడండి. అసలు గుడ్డు తినని ఇళ్ల పిల్లలైతే పప్పు రెండోసారి అడిగి వేయించుకోవాలి, చిక్కీ వదలకూడదు. వేరుశనగ, బెల్లం కలిసిన ఆ చిక్కీ జేబులో పెట్టుకుని ఇంటికి తెచ్చి తమ్ముళ్లకు పంచే పిల్లలున్నారు. మనసు మంచిదే, కానీ అది వాడి మధ్యాహ్న భోజనంలో భాగం.

మానేరు ఒడ్డు

మా తెలంగాణల వారానికి మూడు గుడ్లే. సన్నబియ్యం మాత్రం 2015 నుంచి పెడుతున్నరు, అన్నం మంచిగనే ఉంటది. మా పాప గుడ్డు మంచిగ తింటది, ఆకుకూర పప్పు అంటే మాత్రం ఆకు మొత్తం తీసి పక్కకు పెడతది. కరివేపాకు సంగతి సరే, పాలకూర కూడా. ఏం చేయాలె?

పోపుల పెట్టె

అన్నా, అది కోసే తీరులో ఉంటుంది. మా అమ్మ తోటకూర, పాలకూర బాగా సన్నగా తరిగి పప్పుతో పాటే ఉడికించి పప్పుగుత్తితో ఎనిపేస్తుంది. ఆకు కనిపించదు, ఏరడానికి ఏమీ ఉండదు. మునగాకు కూడా అలాగే, ఒక్క గుప్పెడు. పిల్లలు గుర్తుపట్టరు. మీ బడి వంటమ్మకు ఈ సంగతి చెప్పండి, ప్రేమగా చెబితే ఎవరైనా వింటారు. ఆకుకూర బడి దగ్గరికే వస్తే ఇంకా సంతోషిస్తారు. మా ఊరి బడిలో బోరు పక్కన ఖాళీ జాగాలో పిల్లలే గోంగూర, తోటకూర వేశారు. తాము నీళ్లు పోసిన ఆకును ఏ పిల్లా ఏరి పారేయలేదు.

అన్నం గురించి కూడా ఒక మాట. పెద్ద గుండిగల్లో వండేటప్పుడు కొందరు గంజి వార్చేస్తారు. ఆ గంజితో పాటు విటమిన్లు పోతాయి. బియ్యం నాలుగైదుసార్లు కడిగి, తేలిన గింజలు పారబోస్తే ఆ ఐరన్ గింజలు కూడా పోతాయి. మా అమ్మకు శిక్షణలో చెప్పాక బియ్యం ఎక్కువసార్లు కడగడం మానేసి, కొలత నీళ్లతో అత్తెసరు పెడుతోంది.

సబ్‌సెంటర్ సిస్టర్

నేను పాడేరు వైపు ఏఎన్‌ఎంను, ఊళ్లలో పనిచేసే ప్రభుత్వ నర్సును. మీ చర్చలో ఇంకా ఎవరూ అనని సంగతి ఒకటి ఉంది. ఎంత మంచి భోజనం పెట్టినా కడుపులో నులిపురుగులుంటే ఒంటికి పట్టదు. ఏటా ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న బళ్లలో ఆల్బెండజోల్ మాత్ర వేస్తాం. ఆ రోజు బడికి రాని పిల్లలకు తర్వాత ఇంకో రోజు వేస్తాం. తల్లులు గుర్తుపెట్టుకుని అడగాలి. "మావాడికి పడిందా?" అని ఒక్క మాట.

అలాగే వారానికి ఒక ఐరన్ మాత్ర ఇస్తారు. చిన్న తరగతుల వాళ్లకు గులాబీ రంగుది, పదేళ్లు దాటిన వాళ్లకు నీలం రంగుది. అది ఖాళీ కడుపున వేసుకుంటే వికారం వస్తుంది, అందుకే భోజనం తర్వాతే వేయిస్తాం. సగం ప్లేటు తిని లేచే పిల్లలకే కడుపులో తిప్పుతుంది, వాళ్లే మర్నాటి నుంచి మాత్ర దాచేసి పారేస్తారు. విరేచనం నల్లగా అవుతుంది, దానికి భయపడనక్కర్లేదు. నిమ్మకాయ పులుపు ఐరన్‌ను ఒంటికి పట్టేలా చేస్తుంది. టీ దానికి అడ్డం పడుతుంది. మా వైపు పిల్లలు కూడా పొద్దున్నే టీలో రొట్టె ముంచుకుని తిని బడికి వస్తారు. ఆ టీ మాన్పించండి. సికిల్ సెల్ గురించి పప్పన్నం గారు చెప్పింది మా ఏజెన్సీ ప్రాంతంలో చాలా ముఖ్యం. పరీక్ష చేయించిన కార్డు ఉంటే బడిలో హెచ్‌ఎం గారికి ఒక కాపీ ఇవ్వండి.

హోసూరు తెలుగు

మేం తమిళనాడులో ఉంటున్న తెలుగువాళ్లం. ఇక్కడ 2022 సెప్టెంబరు 15 నుంచి ప్రభుత్వ ప్రాథమిక బళ్లలో ఉదయం టిఫిన్ కూడా పెట్టడం మొదలుపెట్టారు, 2023 ఆగస్టు నుంచి అన్ని ప్రభుత్వ ప్రాథమిక బళ్లకూ ఇచ్చారు. ఉప్మా, పొంగల్, కిచిడీ లాంటివి. మా అమ్మాయి క్లాసులో ఉదయం తిని వచ్చే పిల్లలు మధ్యాహ్నం కూడా నిదానంగా తింటున్నారు. పొద్దున ఏమీ తినని పిల్లలు పన్నెండున్నరకు ఆబగా నాలుగు ముద్దలు మింగి, కడుపునొప్పి అని లేచిపోయేవారని వాళ్ల టీచర్ చెప్పారు. అందుకని మధ్యాహ్న భోజనం ఒంటికి పట్టాలంటే పొద్దున కాస్తయినా తిని పంపాలి. రాత్రి అన్నంలో మజ్జిగ పోసి సద్దన్నం పెట్టినా చాలు.

మాచర్ల అమ్మ

అందరికీ చాలా థ్యాంక్స్. మాస్టారు చెప్పినట్టు అడిగే తీరు మార్చాను. తర్వాత హెచ్‌ఎం మేడం అనుమతి తీసుకుని భోజనం టైముకు వెళ్లి పిల్లల మధ్య కూర్చుని తిన్నాను. పప్పు బాగుంది, అన్నం వేడిగా ఉంది. కానీ నాకే కారం తగిలింది, మావాడు ప్రతి ముద్దకూ నీళ్లు తాగుతున్నాడు. ఆ నీళ్లతోనే కడుపు నిండిపోతోంది. ప్రైవేటు స్కూలు అలవాటుకు వాడికి స్పూను లేకుండా తినడం కూడా ఆలస్యమవుతోంది, చేత్తో కలుపుకోవడం ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నాడు. రాత్రి అన్నం ఇంట్లో చేత్తోనే తినమంటున్నాను.

ఇంకోటి తెలిసి నాకు చాలా బాధేసింది. జావ ఇచ్చే రోజుల్లో వాడు అసలు తాగడం లేదు. బ్యాగులో గ్లాసు లేదు, అంతే కారణం. స్నేహితుడి గ్లాసు ఖాళీ అయ్యేసరికి ఇంటర్వెల్ అయిపోతోందట. వెంటనే ఒక చిన్న స్టీలు గ్లాసు పెట్టాను. ఇప్పుడు తాగుతున్నాడు, ఇష్టంగానే. పాలు తాగని పిల్లాడికి రాగిలో కాల్షియం ఎంత మేలో నాకు తెలుసు.

గేటు ముందు బండి గురించి ఎవరైనా చెప్పండి. అయిదు రూపాయల చిప్స్ ప్యాకెట్లు, రంగు నీళ్ల ఐస్. పిల్లలు ఇంటర్వెల్‌లో అవి తిని భోజనానికి వస్తున్నారు.

తరగతి గది

బడి ఆవరణకు 50 మీటర్ల లోపల కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న తినుబండారాలు అమ్మకూడదని 2020లో కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధనలు తెచ్చింది. హెచ్‌ఎం గారు ఒక కాగితం రాస్తే మున్సిపాలిటీ వాళ్లు కదులుతారు. కానీ బండి నడిపేది కూడా మన ఊరి మనిషే. మా దగ్గర ఆయన్ని పిలిచి మాట్లాడాం. ఇంటర్వెల్‌లో ఉడికించిన శనగలు, జామకాయలు, మొక్కజొన్న అమ్మమన్నాం. చిప్స్ మానేశాడు. ఆదాయం పడిపోలేదని ఆయనే చెప్పాడు. దాంతో పాటు తల్లిదండ్రులు ఉదయం చేతిలో పెట్టే అయిదు రూపాయలు ఆపాలి. అది ఆపకపోతే ఏ నిబంధనా పనిచేయదు.

క్యూల సంగతి కూడా మీ మేడంతో మాట్లాడండి. మా బడిలో ఒకటి రెండు తరగతుల వాళ్లను బెల్లుకు ఓ పది నిమిషాల ముందే వదులుతున్నాం. పెద్ద పిల్లలు వచ్చేసరికి చిన్నవాళ్ల పళ్లాల్లో అన్నం ఉంటుంది. మొదట కొంచెమే వడ్డించి, మారు అడిగించుకోవడం అలవాటు చేశాం. ఒకేసారి గుట్టలా పోస్తే చిన్న పిల్లలు చూసే బెదిరిపోతారు, పారేయడం ఎక్కువవుతుంది.

కృష్ణాతీరం

మేం ముగ్గురం వెళ్లొచ్చాం. పోపుల పెట్టె అమ్మాయి చెప్పినదే అక్కడా ఉంది. కూరగాయల బిల్లు చాలాకాలంగా రాలేదు. హెచ్‌ఎం గారు ముందే రాశారు గానీ పైనుంచి కదలిక లేదు. మేం ఎంఈఓ ఆఫీసుకు వెళ్లి అర్జీ ఇచ్చి, రసీదు తీసుకున్నాం. రిజిస్టరులో కూడా పప్పు పల్చగా ఉందని, బిల్లు బకాయి ఉందని రెండూ రాశాం. వంటావిడ మమ్మల్ని చూసి మొదట భయపడింది, తర్వాత ఆవిడే లెక్కల పుస్తకం తెచ్చి చూపించింది. మా వాడు గుడ్డు, చిక్కీ బడిలోనే తీసుకుంటున్నాడు.

మాచర్ల అమ్మ

చాలా మంచి పని చేశారు అన్నయ్యా. మా బడి తల్లిదండ్రుల సమావేశం శనివారం ఉంది. చిన్న తరగతులను ముందు వదలడం, గేటు ముందు బండి, ఈ రెండూ అడుగుతాను. కారం సంగతి మాత్రం వంటమ్మకు ఎలా చెప్పాలో తెలియడం లేదు. పెద్ద పిల్లలకు కారం లేకపోతే సయించదని ఆవిడ అంటోంది. అది కూడా నిజమే.

పోపుల పెట్టె

అక్కా, మా అమ్మ చేసేది చెబుతాను. పప్పు, సాంబారు కారం వేయకుండా ఉడికించి, ముందు ఒక గిన్నెలోకి చిన్న పిల్లలకు తీసేస్తుంది. దానికి ఉప్పు, పసుపు, జీలకర్ర పోపు మాత్రమే. తర్వాత మిగతా దాంట్లో కారం, ఎండుమిర్చి పోపు వేస్తుంది. ఇంకో పొయ్యి అక్కర్లేదు, ఇంకో గిన్నె ఉంటే చాలు. మూతున్న పెద్ద గిన్నె ఒకటి మీ తల్లులంతా కలిసి కొని ఇవ్వండి, ఆవిడ కాదనదు. రెండు వరుసలకు వడ్డన కాబట్టి ఒక గరిటె కూడా ఎక్కువ కావాలి, అది మర్చిపోకండి.